మూడో కొక్కెం మీద దీపం

సోమవారం

దీపాలన్నీ వెలుగుతున్నాయి. గాలి ఉంది. దీపాల గది పుస్తకంలో రోజూ ఈ రెండు ముక్కలు రాస్తే చాలని కమిటీ వాళ్ళు చెప్పారు. కానీ ఇంత పెద్ద పేజీ ఇచ్చాక రెండు ముక్కలు రాసి ఊరుకుంటే ముసలిది కునుకు తీస్తోందని ఎవరైనా అనరా? అంటారు. అందుకే నిండా రాస్తాను. ఎవరూ చదవరని తెలుసు. చదివితే ఏమవుతుందోనని భయం కూడా ఉంది.

ఈ ఉదయం గాలి పార్టీ వాళ్ళ తతంగం నా గదిలోనే జరిగింది. మన గనుల ఊళ్ళన్నిటికీ కలిపి ఒక అధ్యక్షుడు కావాలి కదా. ఆ కుర్చీకి పార్టీ తరఫున ఎవరు నిలబడాలో ముందు పార్టీ వాళ్ళే తమలో తాము పోటీ పడి తేల్చుకుంటారు. ఆ పోటీలోకి దిగేవాళ్ళు తమ తలదీపం తెచ్చి, దీపాల గదిలో ఎర్ర కొక్కేనికి తగిలించాలి. వెనకటి రోజుల్లో బొగ్గు తవ్వేవాళ్ళు దీపం లేకుండా గనిలోకి దిగేవాళ్ళు కాదట. ఇప్పుడు బొగ్గూ లేదు, తవ్వేవాళ్ళూ లేరు. పైన ఎండకు తాళలేక మనమే ఆ గనుల్లో కాపురం పెట్టాం. అన్నీ పోయాయి కానీ ఆ దీపం ఆచారం మాత్రం రాజకీయం వాళ్ళ దగ్గర బతికిపోయింది. ఓట్ల రోజు దాకా ఆ దీపం ఆరకూడదు. ఆరితే ఆ మనిషి పోటీ మానుకున్నట్టే లెక్క. ఆరకుండా చూడాల్సింది నేను. ఆరితే తిట్లు తినాల్సిందీ నేనే.

మొదట ఎలిగేటి రాజేశం సారు వచ్చాడు. మొన్నటిదాకా నీళ్ళ గొట్టాల శాఖ చూసిన మనిషి. ఆ గొట్టాల నుంచి నీళ్ళు తప్ప అన్నీ వచ్చాయి. దీపం తగిలించి దండం పెట్టాడు. ఫోటో సరిగ్గా రాలేదంటే మళ్ళీ పెట్టాడు. దేవుడికి ఒకటి, ఫోటోకు ఒకటి. తర్వాత తోడేటి స్రవంతి మేడం వచ్చింది. బాగా చదువుకున్న పిల్ల. "మార్పు" అని ఒక్క మాట అంది, అందరూ చప్పట్లు కొట్టారు. ఏం మార్పని పక్కనున్న ఆయన్ని అడిగాను.

"అది గెలిచినంక చెప్తరవ్వా," అన్నాడు.

వాళ్ళు వెళ్ళిపోయాక నాకు దడ పట్టుకుంది. రెండు దీపాల్లో ఒకటి మొరాయిస్తే ఏం చేయాలి? రాజేశం సారుది ఆగితే మేడం నాకు ఏదో ముట్టజెప్పిందంటారు. మేడంది ఆగితే సారు ముట్టజెప్పాడంటారు. రెండూ ఆగితే ఎదుటి నీళ్ళ పార్టీ వాళ్ళు ముట్టజెప్పారంటారు. అందుకని గదిలో ఉండే పాత దీపం ఒకటి తీసి, తుడిచి, చార్జింగుకు పెట్టాను. తీగ పొట్టిది. ఎర్ర వరసలో ఖాళీగా ఉన్న మూడో కొక్కెం దాకే అందింది. అక్కడే తగిలించాను.

ఇంటికొచ్చేసరికి మా ఏడో లెవల్ పంకా కటకట కొట్టుకుంటోంది. లెవల్ మొత్తానికి గాలి లాగే పంకా అది ఒక్కటే. బేరింగు అరిగిందని మెకానిక్కు ఎప్పుడో చెప్పాడు. స్టోరులో కొత్త బేరింగు ఒకటి ఉంది కానీ దాన్ని పార్టీ హాలు పంకా కోసం దాచారట. ఆదివారం అక్కడ పెద్ద సభ. మా లెవల్లో వాళ్ళు ఊపిరి మాత్రమే తీసుకుంటారు, హాల్లో వాళ్ళు ఉపన్యాసాలిస్తారు. ఎవరికి గాలి ఎక్కువ కావాలో చెప్పాల్సిన పనిలేదు.

మా వదినె కొమురక్క మంచం మీద దిండు ఆనుకుని కూర్చుని దమ్ముతో ఆయాసపడుతోంది. నా భర్తకు అక్క. ఆయన పోయాక నాకు మిగిలిన ఆస్తి ఈమే. పడుకుంటే ఊపిరి అందదు, కూర్చుంటే నోరు ఊరుకోదు.

"పిల్లా, పంకా పాట మార్చింది విన్నవా?" అంది. డెబ్బై దాటినా నేను ఆమెకు పిల్లనే.

"అది ఆగిపోతే ఎట్ల వదినే?"

"ఆగితే ఆగుతది. నీ భయం సప్పుడు ముందు దాని సప్పుడెంత!"

గోడలో ఉన్న గాలి కొలిచే యంత్రం మాత్రం ఎప్పటిలాగే తియ్యగా, "గాలి సంతృప్తికరం" అంది. ఎన్నికలు ప్రకటించిన నాటి నుంచి దానికి ఆ ఒక్క మాటే నేర్పారు.

మంగళవారం

దీపాలు వెలుగుతున్నాయి. గాలి ఉంది, కటకటతో.

గొట్టం వార్తల మొగిలి వచ్చాడు. ప్రతి ఇంట్లో గోడకు రేకు గొట్టం ఉంటుంది కదా, అందులోంచి పొద్దస్తమానం వినిపించే గొంతు ఇతనిదే. మనిషిని చూస్తే సన్నగా ఉంటాడు, గొంతేమో గొట్టం నిండా ఉంటుంది. ఎర్ర వరస చూసి నోరు తెరిచాడు.

"అవ్వా! మూడో దీపం ఎవరిది?"

"ఎవరిదీ గాదు బిడ్డా. గదిదే. నేనే పెట్టిన."

"నువ్వే పెట్టినవ్. పెట్టుమన్నదెవరు?"

"ఎవరూ అనలే."

"పేరు బయట పెట్టద్దన్నరా?"

"పేరుంటే కద నాయినా పెట్టేది! తీగ పొట్టిగున్నది, గీడిదాకనే అందింది. నువ్వే సూడు."

తీగ వంక చూడనే లేదు. నా ముఖంలోకి చూసి మెల్లగా తల ఊపాడు. "భయపడకు అవ్వా. నీ పేరు రానియ్య," అని పరుగు తీశాడు.

నేను ఇల్లు చేరేలోపే గొట్టం మోగుతోంది. "గాలి పార్టీ పోటీలో అనూహ్య మలుపు! మూడో దీపం ఎవరిది? చివరి నిమిషంలో బరిలోకి దూకబోతున్న ఆ నేత ఎవరు? దీపాల గది వర్గాలు పేరు వెల్లడించడానికి నిరాకరించాయి." ఆ వర్గాలంటే నేనే. ఒక్క మనిషిని, మోకాళ్ళ నొప్పులతో సరిగ్గా నిలబడలేను, ఇన్ని వర్గాలు ఎప్పుడయ్యానో తెలియదు.

శనివారం సైరన్ మోగేలోపు ఎవరైనా పోటీలో దిగవచ్చని రూలు ఉందట. మొగిలి పక్కన నలుగురు పండితులు కూర్చుని ఆ వచ్చేవాడు ఎవరో లెక్కలు కట్టారు. ఒకాయన పాత అధ్యక్షుడి తమ్ముడన్నాడు. ఇంకొకాయన అది పొరపాటని, తొమ్మిదో గనిలో ఒగ్గుకథ చెప్పే ఆవిడని అన్నాడు. మూడో ఆయన, పేరు తనకు తెలుసు కానీ చెప్పనన్నాడు. నాలుగో ఆయన, ఆయన చెప్పని పేరు తనకు ముందే తెలుసన్నాడు.

కొమురక్క నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. వెన్ను రాస్తూ కూర్చున్నాను.

"నీకు నవ్వెట్ల వస్తుంది వదినే? రేపు నన్ను పిలిచి అడిగితే ఏం చెప్పాలె?"

"నిజం చెప్పు. ఎవ్వలూ నమ్మరు, నీకు పాపమూ అంటది గాదు."

బుధవారం

దీపాలు మూడూ వెలుగుతున్నాయి. మూడు అని రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాను.

పొద్దున్నే రాజేశం సారు నా గదికి వచ్చాడు. ఫోటోలు తీసేవాళ్ళు లేకుండా ఆయన ఎక్కడికైనా వెళ్ళగలడని ఇవాళే తెలిసింది. చేతిలో పుట్టగొడుగుల పచ్చడి సీసా.

"ఓదెమ్మక్కా, మంచిగున్నవా? నువ్వు నాకు సొంత అక్క లెక్క." నా పేరు ఆయనకు నిన్నటిదాకా తెలియదు. నేను అక్కనైతే ఆయన పుట్టేనాటికి మా అమ్మకు మనవలున్నారు.

"మంచిగనే ఉన్న సారూ."

"ఆయన ఎవరో చెప్పకున్నా సరే. దేని మీద నిలబడుతుండో గంత చెప్పు."

"ఏ ఆయన సారూ? ఎవరూ లేరు. గదంత నాకు తెల్వది గని, మా ఏడో లెవల్ పంకా మస్తు సప్పుడు చేస్తున్నది. బేరింగు అరిగింది. కొత్తది స్టోర్ల ఉన్నదట. మా వదినెకు దమ్ము. పంకా ఆగితే ఆమె బతకది. జెర మీరన్న చెప్పున్రి."

సారు ముఖం మారింది. పక్కనున్న మనిషి వైపు తిరిగి, "విన్నవా? పంకా! ఏడో లెవల్! బేరింగు దాకా పోయిండు," అన్నాడు. "నేను మామూలోడనుకున్న. గింత కిందికి దిగి పని చేస్తుండంటే పాత కాలపోడు."

"సారూ, గా పంకా నా కష్టం. ఆయన కష్టం గాదు."

"నువ్వు నమ్మకస్తురాలివి అక్కా. నీ అసొంటోళ్ళు నాకు లేకపాయె," అని నిట్టూర్చి వెళ్ళిపోయాడు. పచ్చడి సీసా మూత తిరగలేదు. కమిటీ వాళ్ళు చేసిన సీసా కాబోలు.

మధ్యాహ్నం స్రవంతి మేడం వచ్చింది. ఈ పిల్ల పచ్చడి తేలేదు, కన్నీళ్ళు తెచ్చుకుంది. "అమ్మమ్మా, నన్ను మీ మనవరాలనుకో. ఆయన వస్తే నా గతేమి?" అంది. పాపమనిపించింది. అక్కడికీ నిజమే చెప్పాను. పంకా సంగతీ చెప్పాను. మనిషి కనిపిస్తే ఆ ఒక్కటే కదా నేను చెప్పేది! మూడేళ్ళ నుంచి కమిటీ ఆఫీసు బల్లకు చెబుతున్నాను, కుర్చీకి చెబుతున్నాను, కుర్చీలో మనిషి ఉంటే ఆయనకూ చెబుతున్నాను. ఒక్కరూ ఇలా కళ్ళు పెద్దవి చేసుకుని వినలేదు. ఇవాళ మాత్రం లేని మనిషి నోట్లోంచి వస్తున్న మాట అనుకుని అందరికీ అది బంగారమైపోయింది.

సాయంత్రం గొట్టంలో ఇద్దరి ప్రకటనలూ వచ్చాయి. ఏడో లెవల్ పంకా తన గుండె చప్పుడని రాజేశం సారు అన్నాడు. ఆ పంకా కోసమే తాను రాజకీయాల్లోకి వచ్చానని స్రవంతి మేడం అంది. పంకా చప్పుడు వెనకనున్న చారిత్రక కారణాల మీద పండితులు చర్చ పెట్టారు. ఒక్కరూ వచ్చి పంకా చూడలేదు.

"గుండె సప్పుడట!" అంది కొమురక్క. "గా సారు గుండె గిట్లనే కొట్టుకుంటే మాత్రం దవాఖానకు పోవాలె."

గురువారం

దీపాలు వెలుగుతున్నాయి. గాలి సగం సగం.

పొద్దున గది ముందు డప్పులు. మూడో దీపం అభిమాన సంఘమట. అభిమానించడానికి మనిషి ఎవరో తెలియనక్కర్లేదని నాకు ఇప్పుడే తెలిసింది. వచ్చేది మగమనిషని కొందరు, ఆడమనిషని కొందరు, మధ్యాహ్నానికి సంఘం రెండుగా చీలింది. అసలైన మూడో దీపం అభిమాన సంఘం వేరే పెట్టుకున్నారు.

ఈ గోలకు మూలం నా భయం కదా, తీసేస్తే పీడ పోతుందని స్టూలు వేసుకుని కొక్కెం దాకా చెయ్యి చాచాను. పార్టీ కార్యదర్శి ఎక్కడి నుంచి చూశాడో, పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయన దగ్గర రూళ్ళన్నీ కంఠస్థం.

"ఏం చేస్తున్నవవ్వా? ఎర్ర కొక్కెం ఎక్కిన దీపం శనివారం సైరన్ దాకా సొంతదారు తప్ప ఎవ్వలు ముట్టద్దు. జైలు!"

"సొంతదారు గీ గదే సారూ. గది తరఫున నేనున్న."

"గదికి పోటీ చేసే హక్కు లేదు. అంటే సొంతదారు వేరే ఉన్నడన్నట్టే కద?"

చదువుకున్న మనిషి, రూలు చూపించి మరీ లేని వాణ్ణి ఉన్నాడని రుజువు చేశాడు. జైలు అనే మాట చెవిలో మోగుతూనే ఉంది. జైలు రెండో లెవల్లో ఉంది. అక్కడ పంకా కొత్తదని విన్నాను. కొమురక్కను కూడా వెంట తీసుకుపోనిస్తారేమో అడగాలి.

ఇంటికొస్తే మా గుమ్మంలో పది జతల చెప్పులు. లోపల కొమురక్క దిండుకు ఆనుకుని మహారాణిలా కూర్చుంది. చుట్టూ అభిమానులు.

"ఆయనకు బీదోళ్ళ మీద ప్రేమున్నదా పెద్దవ్వా?"

"మస్తు. బీదోళ్ళు కానోళ్ళ మొకం గూడ సూడడు."

"మరి ఎందుకు బయటికి వస్తలేడు?"

"మొకం చూపించినోళ్ళంత మీకేం ఒరగబెట్టిన్రు?"

అందరూ నిజమే నిజమే అన్నారు. వాళ్ళు పోయాక నేను తల బాదుకున్నాను.

"వదినే, నీకు దండం పెడుత. గిట్ల అబద్దాలాడితే రేపు ఇద్దర్ని కలిపి లోపలేస్తరు."

"నేనేం అబద్దమాడిన? ఆయన గురించి ఒక్క చెడు మాట చెప్పు సూద్దాం. గింత మచ్చ లేని మనిషి ఇన్నేండ్లల్ల నాకు కనపడలే."

అని నవ్వబోయింది, నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఊపిరి లాక్కుంటూ నా చెయ్యి పట్టుకుంది. పైన పంకా ఒకసారి ఆగి, ఆలోచించుకుని, మళ్ళీ తిరిగింది. "గాలి సంతృప్తికరం," అంది గోడ.

శుక్రవారం

దీపాల సంగతి చివర రాస్తాను.

పొద్దున నేను గంజి కాస్తుంటే పంకా ఆగిపోయింది. అంతకాలం ఆ కటకట వినలేక చచ్చాను. అది లేకపోతే లెవల్ ఎంత నిశ్శబ్దమో అప్పుడు తెలిసింది. ఇళ్ళలోంచి అందరూ బయటికొచ్చి పైకి చూశారు. మాట్లాడితే ఉన్న గాలి అయిపోతుందన్నట్టు నిలబడ్డారు.

"గాలి సంతృప్తికరం. దయచేసి నెమ్మదిగా పీల్చండి," అంది గోడ.

కొమురక్క పెదవులు నీలంగా అయ్యాయి. చేటతో విసిరాను. విసిరిన గాలిలో ఏముంది, అదే పాత గాలి. ఏటవాలు దారిలో ఆరో లెవల్‌కి నడిపిద్దామంటే నాలుగడుగులకే కూలబడింది. నన్ను ఏడిపించడానికైనా ఒక్క మాట అంటుందేమోనని చూశాను. అనలేదు. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి ఆమె నోరు మూతపడాలని కోరుకున్నాను. అది నిజంగా మూతపడితే ఎలా ఉంటుందో చూశాక, పక్కింటావిడ చేతికి చేట ఇచ్చి పార్టీ హాలుకు పరుగెత్తాను. పరుగు అంటే నా పరుగు.

హాలు నిండా జనం. వేదిక మీద ఎర్ర బట్ట పరిచి, దాని మీద కొత్త బేరింగు పెట్టి, దానికి పూలదండ వేశారు. ఒకవైపు రాజేశం సారు, మరోవైపు స్రవంతి మేడం. పంకా ఆగిన కబురు అప్పటికే అందింది. దాన్ని ఎవరి చేతుల మీదుగా పంకాకు బిగించాలా అని చర్చ జరుగుతోంది.

"పెద్దోన్ని, ముందు నా చెయ్యి పడాలె," అంటున్నాడు సారు.

"మార్పు అంటే కొత్త చెయ్యి," అంటోంది మేడం.

నేను గుంపులోంచి తోసుకుంటూ ముందుకు వెళ్ళాను. "బాంచెన్, ఎవరి చెయ్యైతేంది! మనిషి పోతున్నది, బిగియ్యున్రి!"

కార్యదర్శి చెయ్యెత్తాడు. "అవ్వా, ఆగు. పంకా డిమాండ్ ముందు లేపింది మూడో అభ్యర్థి. ఆయన అభిప్రాయం తెలుసుకోకుంట బిగిస్తే పార్టీ మర్యాద కాదు. శనివారం సైరన్ దాకా ఆగుదాం."

"ఆయన లేడు!" అని అరిచాను. "అసలు లేనే లేడు! గా దీపం నా గదిల పాతది! తీగ పొట్టిది! ఎన్నిసార్లు చెప్పాలె?"

హాల్లో గుసగుసలు. నా వెనక ఎవరో ముక్కు చీదారు. "సూడు, పాణం పోతున్నా పేరు చెప్తలేదు," అన్నాడు ఒకడు. మొగిలి నా నోటి ముందు మైకు పెట్టాడు. "ఆయన మీద మీకింత విశ్వాసం ఎట్ల వచ్చిందవ్వా?"

అప్పుడు నాకు ఏమయిందో తెలియదు. భయపడీ భయపడీ ఇక భయపడటానికి చోటు లేకుండా పోయిందేమో.

"సరే. చెప్త. ఆయన నాతోని ఒక మాట చెప్పి పంపిండు," అన్నాను.

నాలుగు రోజులు నిజం చెబితే ఒక్కరు వినలేదు. ఇప్పుడు దగ్గు కూడా వినిపించలేదు.

"ఇప్పటికిప్పుడు గా పంకా తిరిగితే ఆయన పోటీలకు రాడట. ఎందుకొస్తడు, గదొక్కటే ఆయన అడిగింది. తిరగకుంటే మాత్రం రేపు సైరన్ కంటే ముందే వస్తడట. వస్తే మీరిద్దరు గెలుస్తరో లేదో మీరే లెక్కగట్టుకోన్రి."

ముందు కదిలింది ఎవరో నేను చూడలేదు. చూసేసరికి పూలదండ కింద ఉంది, బేరింగు లేదు. రాజేశం సారు పంచె ఎగ్గట్టి దాన్ని పొట్టకు హత్తుకుని పరుగెత్తుతున్నాడు. మేడం చెప్పులు వదిలేసి ఆయన్ని దాటింది, మెకానిక్కును రెక్క పట్టుకుని లాక్కుపోయింది. మర్యాద గురించి చెప్పిన కార్యదర్శి నిచ్చెన మోస్తున్నాడు. పార్టీ ఇంత ఐకమత్యంగా పని చేయడం నేను పుట్టాక చూడలేదు.

నేను ఇల్లు చేరేసరికి నిచ్చెన మీద మెకానిక్కు, కింద నుంచి సారు ఒక పానా, మేడం ఒక పానా అందిస్తున్నారు. రెండూ తప్పు పానాలే. మెకానిక్కు సంచిలోంచి తన పానా తనే తీసుకున్నాడు. నేను వెళ్ళి కొమురక్క తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. కళ్ళు మూసుకుని ఉంది. ముక్కు దగ్గర వేలు పెడితే ఏదో తగిలింది, అది ఊపిరో నా వేలి వణుకో తెలియలేదు.

పంకా ఒకసారి మూలిగింది. తర్వాత మెల్లగా తిరిగింది. చప్పుడు లేదు. నా నుదుటి మీది వెంట్రుకలు కదిలాయి. పిల్లలు కేకలు వేశారు.

చాలాసేపటికి కొమురక్క కళ్ళు తెరిచింది. ముందు గుమ్మంలో నిలబడ్డ రాజేశం సారును చూసింది.

"పిల్లా," అంది, గాలి కూడదీసుకుంటూ, "సారు పంచెకు గ్రీజంటింది. దాన్ని ఉతికేటోళ్ళు ఎవ్వలో, పాపం."

దీపాలు వెలుగుతున్నాయి. ఏడుపు వల్ల సరిగ్గా కనిపించలేదు, కానీ వెలుగుతూనే ఉండాలి.

శనివారం

దీపాలు వెలుగుతున్నాయి. గాలి బాగుంది. ఈ మాట గోడ కాదు, నేను చెబుతున్నాను.

సైరన్ మోగింది. మూడో కొక్కెం ముందుకు ఎవరూ రాలేదు. కార్యదర్శి తన చేతులతో దీపం దించి, నలుగురూ చూస్తుండగా నాకు అప్పగించాడు. కొందరు ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. డప్పుల వాళ్ళు రెండు సంఘాలూ కలిసిపోయి మౌనం పాటించారు.

సాయంత్రం మొగిలి గొంతు గొట్టంలో బరువుగా వచ్చింది. "చేతికందిన పదవిని ప్రజల ఊపిరి కోసం వదిలేసిన మహామనిషి. పేరు కూడా కోరని త్యాగం." మొన్నటి నలుగురు పండితులూ ఉన్నారు. ఆయన రాడని తాము మొదటి నుంచీ చెబుతున్నామని నలుగురూ అన్నారు.

తర్వాత మొగిలి ఒంటరిగా నా గదికి వచ్చాడు. మైకు లేదు.

"అవ్వా, ఇప్పుడన్న చెప్పు. ఇగ ఆయన పోటీ అయిపాయె. ఎవ్వలకు చెప్ప. ఆయన ఎట్లుంటడు?"

పిల్లవాడి ముఖం చూస్తే జాలి వేసింది. తీగ చూపించి మొదటి నుంచీ మళ్ళీ చెప్పాను. అంతా విని, కళ్ళనీళ్ళు పెట్టుకుని నా కాళ్ళకు మొక్కాడు. "చచ్చేదాక చెప్పవు. నాకు తెలుసు," అన్నాడు.

ఆదివారం

దీపాలు రెండే, రెండూ వెలిగాయి. ఇవాళ్టితో నా పూచీ తీరింది.

ఓట్లయ్యాయి. స్రవంతి మేడం గెలిచింది, నాలుగు ఓట్లతో. చీటీల్లో సగం వాటి మీద పేరుకు బదులు దీపం బొమ్మ గీసి ఉందట. చెల్లవని పక్కన పెట్టారు. అవి చెల్లితే ఎవరు గెలిచేవారో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

హాలు పంకాకు కొత్త బేరింగు రాలేదు కదా, అది సభ మొదట్లోనే నిలిచిపోయింది. మేడం ఉపన్యాసం ఇరవై పేజీలట. రెండో పేజీకే చెమటతో కాగితం అంటుకుపోయింది. "మార్పు" అని ముగించింది. ఇంత మంచి ఉపన్యాసం ఈ మధ్య వినలేదని అందరూ మెచ్చుకున్నారు. ఏడో లెవల్ పంకా తన తొలి విజయమని ఆమె అంది. అది తన చిట్టచివరి సేవ అని రాజేశం సారు అన్నాడు. మెకానిక్కును ఎవరూ వేదిక ఎక్కించలేదు. అతను మా ఇంట్లో గంజి తాగుతున్నాడు.

"కిటికీ మూయే పిల్లా, సలి పెడుతున్నది," అంటోంది కొమురక్క. మా ఇంటికి కిటికీ లేదు. గాలి ఎక్కువై చలి చేస్తుందేమో, చలికి దగ్గు వస్తుందేమో, దగ్గుకు దమ్ము పెరుగుతుందేమోనని నాకు ఇప్పుడు కొత్త దిగులు.

సోమవారం

దీపాలన్నీ వెలుగుతున్నాయి. గాలి ఉంది.

ఈ వారం నీళ్ళ పార్టీ వంతు. వాళ్ళ కొక్కేలు నీలం రంగువి, కిటికీ లాంటి గూడు పక్కన ఉంటాయి. పొద్దున ఇద్దరు వచ్చి దండాలు పెట్టి, ఫోటోలు దిగి, దీపాలు తగిలించి వెళ్ళారు. ఇద్దరి ముఖాల్లోనూ గెలిచిన కళ అప్పుడే వచ్చేసింది.

వాళ్ళు పోయాక గుమ్మంలో ఒకావిడ నిలబడింది. చీర చెంగు తడిగా ఉంది. ఐదో లెవల్ సారమ్మ. వాళ్ళ లెవల్లో నీళ్ళ గొట్టం పగిలి ఎన్నాళ్ళయిందో వాళ్ళకే గుర్తులేదు. ఇళ్ళలో మోకాళ్ళ లోతు నీళ్ళు, తాగడానికి మాత్రం చుక్క లేదు. చెంగు కింద ఏదో దాచుకుంది.

"అక్కా, నీ దగ్గర ఒక మాట అడగాల్నంటే భయమైతున్నది."

"భయం నాకు కొత్తనా చెల్లే? చెప్పు."

చెంగు తీసింది. పాత తలదీపం. అద్దం మీద పగులు ఉంది, శుభ్రంగా తుడిచింది.

"మా ఆయనది. ఆయన పోయి శానా రోజులాయె. ఊకనే ఉన్నది. జెర చార్జింగు పెడుతవా?"

నేను నీలం వరస వైపు చూశాను. రెండు కొక్కేలు నిండాయి. మూడోది ఖాళీ. కార్యదర్శులందరికీ రూళ్ళు కంఠస్థమని, జైలు రెండో లెవల్లో ఉందని, నా మోకాళ్ళు స్టూలు ఎక్కడానికి పనికిరావని, ఇంకా చాలా గుర్తొచ్చాయి.

"పోటీదారుల దీపాలు ఎప్పుడు మొరాయిస్తయో చెప్పలేం," అన్నాను. "అవి ఆగిపోతే మాట నా మీదికొస్తది. ఇంకోటి పక్కన ఉండుడే మంచిది."

తీగ లాగి చూశాను. పొట్టిది. సరిగ్గా మూడో కొక్కెం దాకే అందింది.